ఆరు గంటల కొలత

నీటి కొలతల గది, సరస్సు గట్టు
ఫిబ్రవరి 6

నట్టూ,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకు, నాకేం కాలేదు. ఫోనులో మాట్లాడదామంటే ఇక్కడ సిగ్నలు కోసం నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఎక్కినా నువ్వు ‘ఆఁ బావా, బావున్నా బావా, ఉంటా బావా’ అని మూడు ముక్కల్లో తేల్చేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితానికైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

మీ అక్క పోయి రేపు పదకొండుకి నాలుగు నెలలు. మొన్న తన పోస్టు సంచీ ఆఫీసుకి తిరిగి అప్పజెప్పమని కబురొస్తే ఖాళీ చేశాను. అడుగున మడతపెట్టిన పటం దొరికింది. మా ఆఫీసు పాత రిజిస్టరు కాగితం వెనక గీసింది. నువ్వూ తనూ రెండేళ్లపాటు ఉత్తరాల్లో గుసగుసలాడుకున్న కొండ సైకిలు యాత్ర అదే. మూడు రోజులు, మూడు సరస్సులు, రెండు కొండలు. మొదటి రోజు మా ఇంటి గుమ్మం నుంచి వెనక గట్టు ఎక్కి, అవతల వాలు దిగి, రెండో సరస్సు దాకా. రెండో రోజు కనుమ, తొమ్మిది కిలోమీటర్లు ఎక్కడా సమనేల లేని ఎక్కుడు. మూడో రోజు మూడో సరస్సు ఒడ్డంట రాళ్లబాట, చివరికి నీ షాపు. షాపు బొమ్మ గీసి పక్కన ‘ఇక్కడ బెల్లు కొట్టాలి, నట్టుగాడు ఉలిక్కిపడాలి’ అని రాసింది. కనుమ దగ్గర ‘సెంటీమీటరు గారికి ఇక్కడ ఆయాసం, పది నిమిషాలు’ అని రాసింది. నన్ను ముఖం మీద పిలిచే పేరే పటంలోనూ.

ఒకచోట దూరం తప్పు వేసి, రబ్బరుతో తుడపకుండా ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టింది. మా రిజిస్టరులో దిద్దుబాటుకి అదే పద్ధతి. తప్పు అంకె కింద కనపడాలి, పక్కన రాసినవాడి సంతకం ఉండాలి, రెండో మనిషి సాక్షి సంతకం ఉండాలి. సాక్షి చోట నీ సైకిలు బొమ్మ వేసింది. జీవితమంతా నా పద్ధతుల్ని వెక్కిరించిన మనిషి.

నేను వెళ్దామనుకుంటున్నాను, నట్టూ. ఈ అక్టోబరు పదకొండున బయల్దేరి, తను గీసిన దారినే, తన సైకిలు మీదే. యాభై నాలుగేళ్లొచ్చాయి, పొట్ట ఉంది, ఎనిమిది నెలల టైమూ ఉంది. ఆ రోజు నుంచి సైకిలు నీ షాపులోనే ఉంది కదా, బాగుచేసి బస్సు మీద వేసి పంపు. నువ్వూ వస్తే అంతకన్నా ఏం కావాలి.

నీ బావ

*

సైకిలు షాపు, పాత బస్టాండు వీధి
మార్చి 2

బావ గారికి,

మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. స్కూళ్ల సైకిళ్లు రిపేరుకి వచ్చి షాపులో కాలు పెట్టే సందు లేదు.

మీ ఆలోచన మంచిదే. కాకపోతే రెండో రోజు దూరం మీ వయసుకి ఎక్కువ. కనుమ ఎక్కాక అవతల దిగకుండా పైన ఆగండి, అక్కడ గొర్రెల కాపరుల రాతి గది ఉందని అక్క చెప్పేది. ఇప్పటి నుంచే రోజూ కాసేపు ఎక్కుడు తొక్కండి. ఎక్కేటప్పుడు గేరు ముందే తగ్గించాలి, కాలు బిగుసుకున్నాక తగ్గిస్తే గొలుసు తెగుతుంది. దిగేటప్పుడు వెనక బ్రేకే మీకు ఆధారం. అది ఎడమచేతి పిడి. కుడిచేతిది ముందు బ్రేకు, వేలితో అలా తాకితే చాలు. వాలులో దాన్ని గట్టిగా పట్టారా, ముందు చక్రం అక్కడే ఆగిపోయి సైకిలు మిమ్మల్ని ఎత్తి పడేస్తుంది. రెండు ట్యూబులు, పంపు, గొలుసు ముక్క దగ్గర ఉంచుకోండి.

అక్క సైకిలు మాత్రం కుదరదు. ఫ్రేముకి చీలిక ఉంది, కంటికి కనపడదు. నా దగ్గర ఇంకో గేర్ల సైకిలుంది, మీ ఎత్తుకి సరిపోతుంది, అది పంపుతాను.

నేను రాలేను. షాపు మూయడం కష్టం.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ బావమరిది

*

నీటి కొలతల గది
ఏప్రిల్ 14

నట్టూ,

నువ్వు రాసింది చదివితే బ్యాంకువాళ్ల ఉత్తరం చదివినట్టుంది. ‘మీ ఉత్తరం అందింది’ అట. మీ అక్క ఉన్న రోజుల్లో నీ ఉత్తరాలు నాకంటే ముందు తనే చదివి, సగం దారిలోనే నవ్వుకుంటూ వచ్చేది. కొత్త పోస్టుమాన్ మంచివాడే. కాకపోతే ఉత్తరం ఇచ్చి వెళ్లిపోతాడు, అందులో ఏముందో చెప్పడు.

ఆఫీసు సైకిలు మీద సాధన మొదలెట్టాను. మొదటి వారం గట్టు సగానికే దిగి, ఎవరూ చూడకుండా చెట్టుకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను గానీ మరునాడు పడవ రేవులో ముగ్గురు పరామర్శించారు. ఇప్పుడు పైదాకా వెళ్తున్నాను. అవతల వాలు మొదలయ్యే చోట మాత్రం దిగి సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వస్తున్నాను. అక్కడి నుంచి కిందికి చూడలేకపోతున్నాను. నిజం చెప్పాలంటే, కొలత కర్ర దగ్గర నిలబడితే ఎదురుగా గట్టు తల కనిపిస్తుంది, అది కూడా చూడటం మానేశాను. ఉదయం ఆరుకి వెళ్తాను, తల వంచుకుని నీటి మట్టం చూస్తాను, రాసుకుంటాను, వచ్చేస్తాను.

దారి పొడుగునా మీ అక్క ఉత్తరాలిచ్చిన మనుషులే. రెండో సరస్సు దగ్గర వలలు అల్లే ముసలావిడ ‘మా పోస్టమ్మ మొగుడివి, నీకు గది ఎందుకు, ఇల్లే ఉంది’ అని కబురు పెట్టింది. తను ఆ ఎడమచేతి రెండు సగం వేళ్లతో ఉత్తరాలు ఎంత గబగబా ఏరి ఇచ్చేదో అభినయం చేసి చూపిస్తుందట అందరికీ.

ఫ్రేము చీలిక సంగతి నాతో చెప్పకు. ఆ రోజు వ్యానులోకి ఆ సైకిలు ఎత్తింది నేనే. పిడి దగ్గర గీతలు తప్ప దానికేం కాలేదు. దానికేం కాకపోవడమే ఆ రోజు నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. అందుకని అబద్ధం ఆడకుండా చెప్పు. ఎందుకివ్వవు?

నీ బావ

*

సైకిలు షాపు
మే 9

బావ గారికి,

అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఫ్రేముకి ఏమీ కాలేదు.

ఆ సైకిలు వెనక గదిలో గుడ్డ కప్పి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేను. అక్క పడిపోవడానికి నాలుగు రోజుల ముందు కొత్త బ్రేకు తీగలు వేయమని దాన్ని నాకు పంపింది. వేసింది నేను. బ్రేకుల విషయంలో నా చేతి వల్ల తప్పు జరిగింది. ఎలాంటి తప్పో ఇప్పుడు రాయలేను, రాసినా ఒరిగేదేమీ లేదు. సైకిలు తిరిగి నా దగ్గరికి వచ్చిన రోజే చూశాను. మీకు చెప్పాల్సింది. ఆ రోజు మీ ముఖం చూసి చెప్పలేకపోయాను, తర్వాత రోజూ చెప్పలేకపోయాను.

ఏడు నెలలుగా నేను ఎవరి సైకిలుకీ బ్రేకులు బిగించడం లేదు. పంచర్లు, గొలుసులు, సీట్లు చేస్తున్నాను. బ్రేకు పని వస్తే వీధి చివరి షాపుకి పంపుతున్నాను. ఆయన ‘నాన్నగారి రోజుల నుంచి బ్రేకులకి మీ షాపు పేరు కదయ్యా, నీకేమైంది’ అని అడిగాడు. చేయి నొప్పి అన్నాను.

ఇకమీదట ఆ సైకిలు అడగకండి. నా మీద కోపం తెచ్చుకున్నా సరే, అది మీ హక్కు.

మీ బావమరిది

*

నీటి కొలతల గది
మే 13

నట్టూ, ఒరేయ్ పిచ్చివాడా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది, మధ్యాహ్నం బస్సుకి ఈ జవాబు ఇచ్చేస్తున్నాను. ముందు కూర్చో. టీ తెప్పించుకో. నెమ్మదిగా చదువు.

నువ్వు ఏ తప్పు సంగతి అంటున్నావో నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. కొత్త తీగలు వేసేటప్పుడు నువ్వు బ్రేకులు తారుమారు చేశావు. వెనక బ్రేకు కుడి పిడికి, ముందు బ్రేకు ఎడమ పిడికి బిగించావు. పని ఒత్తిడిలో ఎవరికైనా జరుగుతుంది, ఏం మునిగిపోలేదు. ఎందుకంటే, విను, నేను దాన్ని సరిచేశాను.

పదో తారీకు సాయంత్రం, మరునాడు మీ అక్క సాధనకి వెళ్తుందని సైకిలు తుడుస్తుంటే కనిపించింది. తను పోస్టాఫీసు నుంచి ఇంకా రాలేదు. నాకు సైకిళ్ల గురించి తెలిసింది తక్కువే గానీ, ఏ పిడి దేనిదో తెలుసు. వంటింటి పట్టకారుతో గంటసేపు కుస్తీపట్టి, రెండు తీగలు విప్పి, అటుది ఇటు, ఇటుది అటు మార్చి, గట్టిగా బిగించాను. చక్రాలు తిప్పి ఇరవైసార్లు చూశాను. మీ అక్కకి చెప్పలేదు. చెబితే నిన్ను ఏకిపారేస్తుందని. నీకూ చెప్పలేదు. షాపువాడివి, నా చేత తప్పు పట్టించుకుంటే నామోషీ పడతావని. అంతే సంగతి.

కాబట్టి మరునాడు తను ఆ సైకిలు ఎక్కినప్పుడు బ్రేకులు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. నీ తప్పు ఆ గుమ్మం దాటి బయటికే పోలేదు. వాలులో రాయి తడిగా ఉంది, తను జారింది. ఏడు నెలలు ఇది మోసుకుని తిరిగావా నువ్వు? నేను ఒక్క మాట ముందే చెప్పి ఉంటే నీకీ బాధ తప్పేది. క్షమించు.

రేపటి నుంచి బ్రేకులు బిగించు. సైకిలు పంపు. హాయిగా నిద్రపో.

నీ బావ

*

సైకిలు షాపు
జూన్ 1

బావా,

నువ్వు ఎందుకు ముట్టుకున్నావు దాన్ని?

నిన్ను ఎవరు అడిగారు? నేను తారుమారు చేయలేదు. కావాలనే అలా బిగించాను. అక్క అడిగితే బిగించాను.

అక్క ఎడమచేతి వేళ్లు ఎలా పోయాయో నీకు తెలుసు, కానీ నీకు తెలిసింది అది చెప్పిన కథ. గొలుసులో చెయ్యి పెట్టి నూనె రాస్తుంటే పోయాయని చెప్పింది నీకు. రాస్తోంది నిజమే. పెడల్ తిప్పింది నేను. ఆరేళ్లవాణ్ణి, నాన్న షాపులో, చక్రం తిరిగితే చూడాలని తిప్పాను. అక్క ఆ సంగతి అమ్మకీ నాన్నకీ కూడా చెప్పలేదు. నన్ను కొడతారని.

ఆ చేత్తో వెనక బ్రేకు రెండు నిమిషాలు పట్టుకుంటే మణికట్టు దాకా లాగేసేది. అందుకే నిరుడు ఆగస్టులో నా దగ్గరికి వచ్చి, ‘ఒరేయ్, వెనక బ్రేకు కుడిచేతికి మార్చు, వాలంతా దాన్నే పిసికి దిగుతాను. సెంటీమీటరు గారికి మాత్రం చెప్పకు, చేయి ఇంత పాడైందని తెలిస్తే కనుమ ఎక్కనివ్వరు’ అంది. మార్చాను. చెప్పనని మాటిచ్చాను. రెండు నెలలు అలాగే దిగింది. కుడిచెయ్యి బలంగా పట్టడం దానికి అలవాటైపోయింది. అక్టోబరులో కొత్త తీగలు కూడా అలాగే వేశాను.

నీ ఇంటి గుమ్మం నుంచి గట్టు తల దాకా అంతా ఎక్కుడే, బ్రేకుతో పని లేదు. మొదటిసారి బ్రేకు పట్టింది ఆ వాలులో. కుడిచేత్తో, గట్టిగా, ఎప్పటిలాగే. అది ముందు బ్రేకు.

సైకిలు నా దగ్గరికి వచ్చినప్పుడు బ్రేకులు మామూలుగా ఉన్నాయి. ఎవరు మార్చారన్న ప్రశ్నే రాలేదు నాకు. నా చెయ్యే ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ అలా బిగించేసి ఉంటుందనుకున్నాను. ఒకసారి దాని వేళ్లు తీశాను, రెండోసారి దాన్నే తీశాను అనుకుంటూ తిరిగాను.

నీ ఉత్తరం చదివాక నాకు మొదట కలిగింది ఏమిటో తెలుసా బావా? సంతోషం. నేను కాదు అని. షాపు మధ్యలో నిలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. ఆ తర్వాత నీ మీద కోపం వచ్చింది, ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో. ఆ తర్వాత నువ్వు వంటింటి పట్టకారుతో గంటసేపు కూర్చోవడం కళ్లముందు కనిపించింది. దాని కోసమే కూర్చున్నావు. నా పరువు కోసం కూడా కూర్చున్నావు. ఇరవైసార్లు చూశావు.

నీకు తెలీదు. నీకు ఇంకా తెలీదు. ఇది నీకు పోస్టు చేస్తే రేపో ఎల్లుండో తెలుస్తుంది.

(ఈ ఉత్తరం కవరులో పెట్టాడు. పోస్టు చేయలేదు.)

*

సైకిలు షాపు
జూన్ 6

బావ గారికి,

మీరు రాసింది చదివాను. మీరన్నదే నిజం. తొందరలో తారుమారు చేశాను, మీరు చూసి సరిచేశారు. మనసు తేలికపడింది. ఈ మాట ముందే తెలిసుంటే బాగుండేది, అయినా పర్వాలేదు.

నిన్న వీధి చివరి షాపుకి వెళ్లాల్సిన ఒక బ్రేకు పని నేనే చేశాను.

అక్క సైకిలు సిద్ధం చేసి పంపుతున్నాను. బ్రేకులు పద్ధతి ప్రకారమే ఉంచాను, వెనకది ఎడమచేతికి, ముందుది కుడిచేతికి. వాలు మాత్రం నేను వచ్చేదాకా దిగకండి. అవును, నేనూ వస్తాను. షాపు మూడు రోజులు మూస్తే ప్రళయం రాదు.

తడి రాళ్లు జాగ్రత్త.

మీ బావమరిది

*

నీటి కొలతల గది
సెప్టెంబరు 3

నట్టూ,

దిగొద్దన్నావు. దిగాను.

సైకిలు వచ్చిన దగ్గర్నుంచి రోజూ గట్టు తల దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను. మొన్న ఆదివారం ఎండగా ఉంది, రాళ్లు పొడిగా ఉన్నాయి, ఇంకెన్నాళ్లు అనుకుని వాలులోకి దించాను. నువ్వు చెప్పినట్టే వెనక బ్రేకు పట్టాను, ఎడమచేత్తో. సగం దూరం వచ్చేసరికి వేళ్లు బిగుసుకుపోయాయి. మణికట్టు మండిపోయింది. ఇక పట్టలేక ఒక పక్కకి తీసి ఆపి, రాయి మీద కూర్చుని చెయ్యి దులుపుకున్నాను.

అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. ఐదు వేళ్లూ ఉన్నాయి.

మీ అక్క ఎడమచేత్తో పాలగిన్నె ఎత్తేది కాదు. ఇరవై ఏళ్లు నేనే ఎత్తాను. సీసా మూత నేను తీసేవాణ్ణి, తడిబట్టలు నేను పిండేవాణ్ణి. అలాంటి చేత్తో ఈ వాలు రెండు నెలలు ఎలా దిగింది? ఈ ప్రశ్న వేసుకోవడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. రోజూ మిల్లీమీటర్లు చూసే మనిషిని. నా పక్కన పడుకున్న మనిషి చెయ్యి చూడలేదు.

నువ్వు తారుమారు చేయలేదు కదా? నీకు ఆ చెయ్యి నాకంటే ముందు తెలుసు. నువ్వు దాని కోసమే మార్చావు. నేను సరిచేశాను. సరిచేశాను అని నీకు గొప్పగా రాసి, నిద్రపొమ్మని కూడా చెప్పాను. నువ్వు ‘మనసు తేలికపడింది’ అని జవాబిచ్చావు. ఎలా రాయగలిగావు ఆ మాట?

నన్ను కాపాడటానికి ఇంకొక్క అబద్ధం కూడా రాయకు. అవునా కాదా, ఆ ఒక్క మాట రాయి చాలు. ఆ రోజు నుంచి కొలతలు తప్పు రాస్తున్నాను. ఒకే పేజీలో నాలుగు దిద్దుబాట్లు. పై ఆఫీసు వాళ్లు నాకు కళ్లు మందగించాయనుకుంటున్నారు.

నీ బావ

*

సైకిలు షాపు
సెప్టెంబరు 8

బావా,

అవును.

జూన్ ఒకటిన మీకు రాసి పోస్టు చేయని ఉత్తరం ఇందులో పెడుతున్నాను. కోపంలో రాసింది. మొదట చింపేద్దామనుకున్నాను, తర్వాత కాల్చేద్దామనుకున్నాను. టైర్ల అర మీద పెట్టి మూడు నెలలు దాన్ని చూస్తూ పనిచేశాను. దానికన్నా నిజంగా నేను ఎక్కడా చెప్పలేను కాబట్టి అదే పంపుతున్నాను. చదివాక నా ముఖం చూడాలనిపించకపోతే అర్థం చేసుకుంటాను.

అందులో లేని మాట ఒకటుంది. పదో తారీకు సాయంత్రం మీ చేతిలో పట్టకారు ఉండగా, ‘బావా, అది కావాలనే అలా పెట్టాం’ అని ఒక్కరు చెప్పి ఉంటే చాలు. చెప్పాల్సినవాణ్ణి నేను. అక్క వద్దంది, నేను సరే అన్నాను. చిన్నప్పుడు నా తప్పు అక్క దాచింది కదా, దాని చెయ్యి సంగతి నేను దాస్తే లెక్క సరిపోతుందనుకున్నాను. మేమిద్దరం మీకు చెప్పకపోవడం వల్లే మీకు తెలీలేదు. మీకు తెలీకపోవడం వల్లే మీరు సరిచేశారు. ఇందులో మీ ఒక్కరి చెయ్యే లేదు.

ఇది మిమ్మల్ని ఓదార్చడానికి రాయడం లేదు. నాకు ఓదార్చడం రాదు, మీకు తెలుసు.

నట్టు

*

నీటి కొలతల గది
సెప్టెంబరు 15

నట్టూ,

రెండు ఉత్తరాలూ చదివాను. కోపంగా రాసిందే ఎక్కువసార్లు చదివాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి నన్ను ‘నువ్వు’ అన్నావు. బాగుంది. అలాగే ఉండనీ.

మూడు రోజులు తిండి తిన్నాను, కొలతలు తీశాను. నాలుగో రోజు నిరుటి రిజిస్టరు దించాను. అక్టోబరు పదకొండు పేజీ మళ్లీ తెరవడం అదే మొదలు.

మా పద్ధతిలో ఒక్క కొలత తప్పిపోయినా కారణం రాయాలి. ఆ రోజు నేనే రాశాను. ఎలా రాశానో గుర్తులేదు, అక్షరాలు నావే. ‘ఉదయం ఆరు గంటల కొలత తీయలేదు. కారణం: భార్య సైకిలు మీద వెళ్తూ తడి రాయి మీద జారి మరణం.’

దాన్ని ఒక్క గీతతో కొట్టేశాను, కింద మాటలు కనపడేలా. పక్కన రాశాను: ‘తడి రాయి కాదు. ముందురోజు సాయంత్రం బ్రేకులు నేను మార్చాను. ఆమెకు చెప్పలేదు.’ సంతకం పెట్టాను, తారీకు వేశాను. పై ఆఫీసు వాళ్లు చూస్తే పిచ్చెక్కిందనుకుంటారు. అనుకోనీ. ఇరవై ఆరేళ్లుగా నీళ్ల గురించి తప్పు రాస్తే దిద్దాను, దీన్నెలా వదిలేస్తాను?

ఏడ్చాను నట్టూ. ఇన్నాళ్లూ తను నన్ను వదిలి పోయిందని ఏడ్చాను. ఇప్పుడు ఏడ్చింది వేరే.

యాత్ర మానుకుందామా అని కూడా అనిపించింది. పటం చూశాను. పది నిమిషాల ఆయాసం నాకింకా మిగిలే ఉంది. బ్రేకులు మళ్లీ మార్చిపెట్టు. తను ఎలా పెట్టించుకుందో అలా. ఈ నెల మిగిలిన రోజులు కుడిచేత్తో దిగడం అలవాటు చేసుకుంటాను. సైకిలు రేపటి బస్సు మీద వేస్తున్నాను.

దిద్దుబాటు పక్కన సాక్షి సంతకం చోటు ఖాళీగా ఉంది. నువ్వు పెట్టాలి.

బావ

*

కార్డు
సెప్టెంబరు 24

బావా,

సైకిలు ఇవాళ్టి బస్సు మీద వేశాను. వెనకది కుడికి, ముందుది ఎడమకి. ముప్ఫైసార్లు చూశాను. పిడికి ఎర్ర దారం కట్టాను, ఈసారి ఎవరు చూసినా కావాలనే పెట్టిందని తెలియాలి.

పదో తారీకు సాయంత్రం బస్సుకి నా సైకిలుతో దిగుతాను. పెన్ను నాది తెచ్చుకుంటాను. నల్ల సిరానే కదా?

నట్టు

*

నీటి కొలతల గది
అక్టోబరు 17

నట్టూ,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కనున్నాయన మోకాలికి ఏమైందని అడిగాడు, కనుమ అయింది అన్నాను.

నిన్ను వదిలి వచ్చాక చెప్పాలనిపించినవి కొన్ని ఉన్నాయి. దారిలో ఎందుకో మాట్లాడలేకపోయాం. నువ్వు గేర్ల గురించి చెప్పావు, నేను మబ్బుల గురించి చెప్పాను. వలలల్లే ముసలావిడ మీ అక్క గురించి అడుగుతుంటే ఇద్దరం ఒకేసారి నీళ్లు తాగడానికి లేచాం. కనుమ మీద పది నిమిషాలు ఆగాల్సిన చోట నలభై నిమిషాలు కూర్చున్నాం. నువ్వు అటు తిరిగి చాలాసేపు పంపుతో నిండు టైరుకి గాలి కొట్టావు. నాకు తెలుసు.

మొదటి రోజు వాలులో నువ్వు ముందు వెళ్తానన్నావు, నేను వద్దన్నాను. కుడిచేత్తో పట్టుకుని దిగాను. ఒక్కచోట కూడా చెయ్యి నొప్పి పుట్టలేదు. ఎంత సులువుగా ఉందో, ఎంత ఆలోచించి పెట్టించుకుందో అనుకున్నాను. ఆ రాయి దగ్గర ఆగుదామనుకున్నాను గానీ సైకిలు హాయిగా పోతుంటే ఆపబుద్ధి కాలేదు. దాటి వచ్చాక కింద ఏడ్చిన సంగతి నువ్వు చూశావు.

నీ షాపు ముందు బెల్లు కొట్టాను. నువ్వు నా పక్కనే ఉన్నావు కాబట్టి లోపల ఉలిక్కిపడటానికి ఎవరూ లేరు. మీ అక్క ఈ ఒక్క లెక్క తప్పింది.

ఇవాళ రిజిస్టరు తెరిచాను. బయల్దేరేముందు నువ్వు సంతకం పెడుతున్నప్పుడు నేను టీ పెట్టడానికి పక్కకి వెళ్లాను కదా. సంతకం ఒక్కటే అనుకున్నాను. ‘బ్రేకులు ముందు మార్చింది నేను. బావకు చెప్పలేదు’ అని రాశావు. దాని కింద ఇంకో గీత గీసి ఖాళీగా వదిలావు. అది ఎవరి చోటో నాకు అర్థమైంది. తనూ చెప్పలేదు మరి. మొదట కొంచెం కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఎదురుగా ఉంటే అక్కడ సైకిలు బొమ్మ గీసి పారిపోయేది. ఆ గీత మీద ఎవరూ ఏమీ రాయరు. నేను ఉన్నంతకాలం అది అలాగే ఉంటుంది.

సైకిలు గుమ్మం పక్కన పెట్టాను. ఎర్ర దారం విప్పలేదు.

ఇవాళ ఉదయం ఆరు గంటల కొలత తీశాను. వానలు తగ్గాయి, మట్టం నిన్నటికి రెండు సెంటీమీటర్లు దిగింది. రాసుకున్నాక తలెత్తి గట్టు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

బావ